కోనేటికి చలికాలం

మా నంద్యాల దగ్గరి మహానంది కోనేటికి చలికాలమంటే లెక్కే లేదు. లోపల ఊట, బయటికి పారుదల. పుష్యమాసంలో దిగినా నీరు గోరువెచ్చగానే తగులుతుంది.

షికాగోలో పెరటి కొలను పెట్టుకున్న మా ఆళ్ళగడ్డ అల్లుడి సంగతి వేరు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, గొట్టాలు పగులుతాయి. అందుకని మంచు పడకముందే గాలి ఊది గొట్టాల్లో నీరు వెళ్ళగొట్టాలి. కొలను మాత్రం పూర్తిగా తోడెయ్యకూడదు సుమండీ! ఖాళీ తొట్టిని భూమిలోని నీరు కిందినుంచి పైకెత్తే ప్రమాదముంది. మట్టం కాస్త తగ్గించి, పైన పట్టా కప్పుతారు.

ఆ పట్టా అంటేనే నాకు భయం. పలచనిదైతే చూడ్డానికి నేలలాగే ఉంటుంది, కాలు పెడితే కుంగుతుంది. మనవడికి నాలుగేళ్ళు. బరువు మోసే బిగువైన పట్టా వేయించి, చుట్టూ కంచెకు తాళం పెట్టించేదాకా అల్లుణ్ణి ఫోనులో వదల్లేదు.