స్త్రీ శబ్దంలో అక్షరాలెన్ని?

"స్త్రీ" అన్న శబ్దంలో అక్షరం ఒకటే. వర్ణవిభాగం చేస్తే స్, త్, ర్, ఈ అని వర్ణాలు నాలుగు. జావాస్క్రిప్టును అడిగితే ఆరు అంటుంది! ఈ ఆరు ఏ వ్యాకరణానికీ చెందిన లెక్క కాదు. యూనికోడు స, త, రలను మూడు సంకేతాలుగాను, నడుమనున్న పొల్లులను రెండుగాను, గుడి దీర్ఘాన్ని ఒకటిగాను దాచుకొంటుంది. జావాస్క్రిప్టు లెక్కించేది ఈ నిల్వ సంకేతాలనే. నిల్వకు ఆ పద్ధతి యుక్తమే. దానితో నాకు పేచీ లేదు. ఆ లెక్కను పట్టుకొని తెలుగు మాటను కోయడంతోనే నా పేచీ.

కోత ఎక్కడ పడుతున్నదో తెలియాలంటే జాలపుట నిర్మాణం కొంత తెలియాలి. బ్రౌజరు హెచ్‌టీఎంఎల్ దస్త్రాన్ని చదివి, తన జ్ఞాపకంలో ఒక వృక్షాన్ని కట్టుకొంటుంది. దాని పేరు డాక్యుమెంట్ ఆబ్జెక్ట్ మోడల్; పొట్టిగా డామ్. డబ్ల్యూత్రీసీ సంస్థ 1998లో దీనికొక ప్రమాణాన్ని ఏర్పరచింది. వంశవృక్షంలో వలెనే ఇందులోనూ తల్లి, పిల్ల, తోబుట్టువు అనే సంబంధాలున్నాయి. శీర్షిక ఒక కొమ్మ, పేరా ఒక కొమ్మ; మనం చదివే మాటలు ఆ కొమ్మల చివరి ఆకులు. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్టు, పుటలో పనిచేసేటప్పుడు మూల దస్త్రం జోలికి పోదు. ఈ చెట్టునే మారుస్తుంది. ఆ మార్పు తెరపై కనబడుతుంది.

శీర్షికలోని అక్షరాలు ఒక్కటొక్కటే ఎగిరివచ్చి నిలిచే వేడుకను చూసే ఉంటారు. అందుకోసం స్క్రిప్టు ఆకును తుంచి, ఒక్కొక్క సంకేతాన్ని ఒక్కొక్క పెట్టెలో పెట్టి, మళ్ళీ కొమ్మకు కడుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు ఇది చక్కగా నప్పింది. మన "స్త్రీ" మాత్రం ముక్కలై, ఒకచోట స, దాని ప్రక్కన చుక్కల సున్నాకు తగిలించిన పొల్లు, ఆపైన విడి త, ఇలా చెల్లాచెదరవుతుంది. సంకేతాలు ఒకేచోట వరుసగా అందితే తప్ప ఫాంటు వత్తులను కూర్చలేదు మరి. వ్యాసాన్ని నూరు సంకేతాల దగ్గర తెగ్గొట్టి "ఇంకా చదవండి" అని తగిలించే చోట "అమ్మ" కాస్తా "అమ" అయి మిగలవచ్చు. చూపులేని వారికి పుటను చదివి వినిపించే సాధనం ఈ ముక్కల దగ్గర తడబడితే తప్పు దానిదా?

తెలుగు లిపి క్లిష్టమనీ, ఫాంటు మంచిది కాదనీ చెప్పే సమాధానాన్ని నేను అంగీకరించను. పాఠ్యాన్ని అక్షరాలుగా విడదీసే సెగ్మెంటర్ అనే సాధనం జావాస్క్రిప్టులోనే ఉంది. 2024లో ఫైర్‌ఫాక్స్‌లోనూ చేరడంతో అది ప్రధాన బ్రౌజర్లన్నింటికీ వచ్చినట్లయింది. అయితే యూనికోడు నియమాలు మన సంయుక్తాక్షరాన్ని ఒకే ముద్దగా గుర్తించినది 2023లో వెలువడిన 15.1 సంచికతోనే. అంతకు పూర్వపు నియమాల ప్రకారం "స్త్రీ" మూడు ముక్కలు. పాత ఫోన్లలో ఆ నియమాలే నడుస్తుంటాయి కనుక, సెగ్మెంటరును వాడినంత మాత్రాన నిశ్చింత లేదు. అసలు అక్షరాలను ఎగరవేయడం ఎందుకు? మాటకు మాటను ఎగరవేసినా వేడుక వేడుకే. ఖాళీల దగ్గర విడదీస్తే ఏ వత్తూ ఊడదు.

తెలుగు పుటలకు స్క్రిప్టు వ్రాసే చిరంజీవులు స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి అన్న మూడు మాటలను తమ పనిముట్టుకు ఇచ్చి చూడాలి. లెక్క ఒకటి, రెండు, రెండు అని రావాలి.