వేటగాండ్ర విన్నపములు

2020వ సంవత్సరము మే నెల 14వ తేదీ ఉదయమున, హైదరాబాదునకు దక్షిణపు కొసనున్న కాటేదానులో నడిదారిమీద ఒక చిరుతపులి పడియుండెను. అంటువ్యాధి కారణమున ఊరంతయు మూతబడియున్న దినములవి. కార్ఖానాల సద్దు అణగియుండెను. లారీలు తప్ప వేరు మృగములు తిరుగని ఆ దారిలో చిరుత కానవచ్చుటచే జనము మేడలెక్కి చూడసాగిరి. దానికి దెబ్బ తగిలినదని కొందరు, నిద్రించుచున్నదని కొందరు అనుకొనుచుండగనే అది లేచి, లారీలోనికి ఎక్కబోవుచున్న యొక మనిషి కాలు పట్టి గాయపరచి, వీధికుక్కలు తరుమగా ప్రక్క తోటలో దూరి మాయమయ్యెను. అటవీశాఖవారు బోనులు పెట్టిరి, కెమెరాలు కట్టిరి. అది చిక్కలేదు. అక్టోబరు 11వ తేదీన రాజేంద్రనగరమువద్ద ఒక చిరుత బోనులో పడగా, అదియే యిదియని పలువురు తలచిరి. దానిని అమరాబాదు అడవులకు చేర్చిరి. 2024 ఏప్రిలు తుదిలో గొల్లపల్లి వైపున ప్రహరీగోడ దాటి శంషాబాదు విమానాశ్రయములో చొరబడిన చిరుతయు, మేకను ఎరగా పెట్టిన బోనులో వారము తిరుగకమునుపే పడి, ఆ యడవులకే పోయెను. ఈ రెండు సందర్భములలోను ప్రాణము తీయు తుపాకి యొక్కటియు పేలలేదు.

ఈ సంగతులను ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుటకు కారణము కలదు. ఊరి యంచున ఒక మృగము కానవచ్చినప్పుడెల్ల, చేలో ఒక పంది పడినప్పుడెల్ల, తుపాకి లైసెన్సులు సుళువు చేయుడనియు, వేట నెరిగినవారికి చంపు అధికార మొసగుడనియు ప్రభుత్వము చెవిలో చెప్పువారు బయలుదేరుచున్నారు. వారు చెప్పుటను మేము తప్పుపట్టము. విన్నవించుకొనుట పౌరుని హక్కు. వారు ఎవరి పేరు చెప్పి విన్నవించుచున్నారో, ఆ పేరుగలవారిని ఎవరైన అడిగిరా యనునదే మా ప్రశ్న.

సంఘముగా కూడినవారి మాట ఎంతదూరము పోవునో 2019లో చూచితిమి. అంతకుముందు ఒక్క మనిషి మూడు తుపాకులు ఉంచుకొనవచ్చును. కేంద్రప్రభుత్వము దానిని ఒకటికి తగ్గింపదలచి బిల్లు తెచ్చెను. నేషనల్ అసోసియేషన్ ఫర్ గన్ రైట్స్ ఇండియా మొదలగు సంఘములు గోలపెట్టినవి. నాటి పంజాబు ముఖ్యమంత్రియు, పటియాలా రాజవంశీయుడునగు అమరీందరు సింగు ఆ తగ్గింపు వలదని లేఖ వ్రాసెను. డిసెంబరులో బిల్లు చట్టమగునప్పటికి ఒకటి రెండాయెను. లైసెన్సు గడువు మూడేండ్లనుండి ఐదేండ్లకు పెరిగెను. ఆ చట్టము వలన కొంత మేలును జరిగినది. తాతతండ్రుల తుపాకులైనను రెంటికి మించరాదనెను. పెండ్లి ఊరేగింపులలో వేడుకకై తుపాకి పేల్చుట శిక్షార్హమైన నేరమనెను. మన యిండ్లలోని ఆడువారు ఈ కడపటి మాటను చదివి తమ పురుషులకు వినిపించుట మంచిది. పెండ్లికుమారుని గుఱ్ఱము బెదరుటకంటె పెద్ద కీడులు ఆ వేడుకలలో జరిగినవి.

ఐరోపాలోని వేటసంఘములు 1977లోనే ఒక సమాఖ్యగా ఏర్పడి తుపాకుల చట్టములను గూర్చియు మృగరక్షణను గూర్చియు ప్రభుత్వములతో మాటలాడుచున్నవి. అచ్చట వేట చట్టసమ్మతము. మన దేశములో అట్లు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదట వేటకు లైసెన్సు లొసగుట కెడమిచ్చెను గాని, 1991లో వచ్చిన సవరణ ఆ తలుపు మూసివేసెను. నేడు ఆ చట్టమునుబట్టి ఒక మృగమును చంపుట వినోదము కాజాలదు. అది మనుష్యుల ప్రాణమునకు అపాయకరమైనదనియో, బాగుపడరాని రోగముతో నున్నదనియో, కొన్ని జాతుల విషయములో పంటను పాడుచేయుచున్నదనియో వన్యప్రాణి ప్రధానాధికారి కారణములు చూపుచు వ్రాతపూర్వకముగా ఉత్తరువు చేయవలెను. అభయారణ్యమునకు పది కిలోమీటరుల లోపల క్రొత్త తుపాకి లైసెన్సు ఇయ్యవలెనన్నను ఆ యధికారి ముందుగా సమ్మతింపవలెను. కావున, "మేము వేటగాండ్రము, వేటాడనిండు" అని అడుగుటకు దారిలేక, "మేము రక్షకులము, రక్షింపనిండు" అని అడుగుచున్నారు.

ఈ రక్షకత్వము మాట పాతదే. కాటేదానునకు దాపుననే ఫలక్‌నుమా సౌధము కలదు. 1897లో అది ఆరవ నిజాము మహబూబు అలీఖాను వశమయ్యెను. ఆయన పులివేటలో పేరుపొందినవాడు. 1902లో వైస్రాయి కర్జను ఈ రాజ్యపు అడవులకు వేటకు వచ్చి, చచ్చిన పులిచెంత నిలిచి లాలా దీనదయాళు చేత ఛాయాచిత్రము తీయించుకొనెను. డప్పులు కొట్టి పులిని తరిమికొనివచ్చిన పల్లెవారి పేరులు ఎచ్చటను లేవు. రాజుల వేటకై కట్టడిచేసిన అడవులే నేడు మృగములకు మిగిలిన తావులని సంఘములవారు చెప్పుదురు. ఇందు నిజము లేకపోలేదు. వనస్థలిపురమువద్ద కృష్ణజింకలు తిరుగు హరిణ వనస్థలి యొకప్పుడు నిజాముల వేటభూమియే. పోచారము అభయారణ్యమును అట్టిదే. అయినను, తన కోడిని తానే కోసికొనగోరి పొరుగువారిని దొడ్డిలోనికి రానీయనివాడు కోడికి రక్షకు డగునా? చీటాల గతి యేమాయెను? 1947లో కొరియా సంస్థానపు మహారాజు కడపటి మూడింటిని కాల్చెనని వాడుక. 1952లో ఆ జంతువు ఈ దేశములో లేదని ప్రభుత్వమే ప్రకటించెను.

ఇక రైతు మాట. మేము తడసి చెప్పదలచినది ఇచ్చటనే, ఏలయన వారి విన్నపములలో బలమైన వాక్యము రైతు పేరే. అడవిపంది మొక్కజొన్న చేలో ఒక్క రాత్రి పడెనేని, ఆ యేటి అప్పు తీరదు. ఆ బాధ బూటకము కాదు. దానికి తాళలేక కొందరు చేని చుట్టు కరెంటు తీగ పరచుచున్నారు. ఆ తీగకు పంది యొక్కటియే తగులదు, పులియు చిరుతయు తగులును, తెల్లవారుజామున నీరు కట్టబోయిన పొరుగు రైతును తగులును. ఇందులకు మన తెలంగాణములోను పందులను చంపుటకు జాబితాలోని వేటగాండ్రకు అనుమతు లిచ్చిరి. కేరళమున 2022లో స్థానికసంస్థల అధ్యక్షులకే పందులను చంపించు అధికార మిచ్చిరి.

రైతుకు నిజముగా తుపాకియే కావలెనందురా, చట్టములో దారి యున్నది. 1959 నాటి ఆయుధముల చట్టము పంట కాచుకొనుటకై మందు కూరి పేల్చు నాటు తుపాకికి లైసెన్సు ఈయవచ్చునని ప్రత్యేకముగా చెప్పుచున్నది. చాలినంత ఆస్తి లేదను ఒక్క కారణముచేత ఎవరికిని లైసెన్సు నిరాకరింపరాదనియు చెప్పుచున్నది. ఈ రెండవ మాటను చదువరులు మరల చదువవలెనని మా ప్రార్థన. తుపాకి ధనికుని యలంకారము కారాదని శాసనకర్తలు తలంచినారు. ఈ వాక్యమును చేతబట్టుకొని కౌలురైతు తరఫున కచేరి మెట్లెక్కిన తుపాకిదారుల సంఘ మొక్కటియు మా యెరుకలో లేదు. వారి పోరాటము మూడవ తుపాకి కొరకు. రైతునకు మొదటిదియే లేదు. ఒకరి భుజముపై తుపాకి పెట్టి కాల్చుట యను సామెతకు ఇంతకంటె సరియైన తార్కాణ ముండునా?

రైతు లందరికి తుపాకు లీయవలెనని మేము చెప్పుట లేదు. ఇంటింట తుపాకి యున్న ఊరిలో పందులకంటె దాయాదులే ముందు చత్తురు. రైతునకు కావలసినవి గట్టి కంచెయు, కాలయాపన లేని నష్టపరిహారమును. ఇవి లేనందుననే వేటగాని రాక అతనికి మేలుగా తోచుచున్నది.

వేటగాని రాకతో ఏమగునో చూచియున్నాము. 2016 జూనులో బీహారు రాష్ట్రమునందు మోకామా ప్రాంతమున, పంట నాశకములని ప్రకటింపబడిన నీల్గాయిలను హైదరాబాదు నుండి పోయిన వేటగాండ్రు కొలది దినములలో రెండువందలకు పైగా కాల్చిరి. అది చట్టసమ్మతమే. కేంద్రమంత్రి మేనకా గాంధి దానిని చంపు కోరికగా నిందించెను. 2018 నవంబరు 2వ తేదీ రాత్రి, మహారాష్ట్రములోని యవత్‌మాల్ జిల్లాలో పదుమూడుగురి చావునకు కారణమని చెప్పబడిన అవని యను ఆడుపులి హతమయ్యెను. ప్రభుత్వము పిలిపించినది హైదరాబాదు వాసియగు నవాబు షఫాత్ అలీఖానును; కాల్చినది ఆయన కుమారుడు. పులి మీదికి రాగా ఆత్మరక్షణకై కాల్చితినని అతడనెను. జాతీయ పులుల సంరక్షణ సంస్థవారి విచారణ సంఘము ఆయుధముల చట్టమును, నిర్ణీత పద్ధతులును ఉల్లంఘింపబడెనని నివేదించెను. అతడు మంచివాడా, చెడ్డవాడా యను విచారణ మాకు వలదు. ఒక సర్కారు ఉద్యోగి అట్లు చేసియుండినచో అతనిని పనిలోనుండి తొలగింపవచ్చును, జీతము నిలుపవచ్చును. గౌరవార్థము వచ్చిన అతిథిని ఎవరు ఏమి చేయగలరు?

వేటసంఘములలో ఎన్నడును చేరనివా రొకరు కలరు. రాజేంద్రనగరమువద్ద చిక్కిన చిరుతను విడిచిన అమరాబాదు అడవి చెంచుల నివాసము. తరతరములుగా విల్లమ్ములతో వేటాడి బ్రదికినవారు వారు. 2006 నాటి అటవీహక్కుల చట్టము వారి సంప్రదాయపు హక్కులను పెక్కింటిని ఒప్పుకొనుచునే వేటాడు హక్కును మాత్రము విడిచిపెట్టెను. ఆకలికై వేటాడినవానికి మినహాయింపు లేదు. ఆ మినహాయింపు మాకిండని వినోదమునకై వేటాడినవారి సంతతివారు అడుగుచున్నారు. చెంచులకు వేట హక్కు మరల ఈయవలెనా వలదా యనునది వేరు చర్చ. వారిని పిలువని సభలో వేటను గూర్చి మాటలాడుట మాత్రము మాకు వింతగా నున్నది.

గురిచూచి కాగితపు చక్రమును కొట్టువారితో మాకు పేచీ లేదు. హైదరాబాదు వాడగు గగన్ నారంగు 2012లో లండను ఒలింపిక్కులలో కాంస్యపతకము గెలిచినప్పుడు మేమును సంతోషించితిమి. అట్టివారికి కావలసిన రైఫిళ్లకు చట్టము వేరుగా చోటిచ్చినది. ఆ పందెమునకును అడవిలోని చంపుడునకును ముడిపెట్టి ఒకే విన్నపముగా వ్రాయుటయే మాకు సరిపడదు.

ప్రభుత్వమువారు వేటసంఘములతో మాటలాడదలచిన మాటలాడవచ్చును. ఆ బల్లకు ఈవల పంట పోయిన రైతును, చెంచు పెద్దను, కాటేదాను లారీవానిని గూడ కూర్చుండబెట్టవలెను. ఎవరేమి కోరిరో, ప్రభుత్వ మేమి యొప్పుకొనెనో తెలుగులో ముద్రించి పంచాయతీ గోడకు అంటింపవలెను. ఒక మృగమును చంపకతప్పదని తేలినప్పుడు ఆ పని జీతమందుకొను ఉద్యోగిచేతనే జరుగవలెను. కారణములతో కూడిన ఉత్తరువు ఆ దినముననే అందరికి తెలియవలెను.

ఆ కాలు గాయపడిన మనిషి ఏ సంఘములోను సభ్యుడు కాడు. చిరుత చిత్రము దేశమంతట తిరిగెను. అట్టివారి పక్షమున ఒక విన్నపము వ్రాయుటకు కాటేదానులో ఎవరైన పూనుకొందురేని, ఈ పుటలలో దానికి చోటు కలదు. అచ్చుతప్పులు మేము దిద్దుకొందుము.