కథ నానీమాది, పేరు ఎవరిది?

గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలో పెదకాకాని వస్తుంది. అక్కడి బాజీబాబా దర్గాకు ముస్లిములూ హిందువులూ కలిసే వచ్చి మొక్కులు తీర్చుకుంటారు. ఏ దర్గా ఆవరణలోనైనా చెట్టు నీడన చాపలు పరచుకున్న కుటుంబాలను గమనించండి. మగవారు ఫాతిహా ఏర్పాట్లలో ఉంటారు, నడివయసు స్త్రీలు పొయ్యి దగ్గర ఉంటారు. వంట ఉడికేలోగా పిల్లలు అల్లరి చేయకుండా ఒక వృద్ధురాలు వారిని చుట్టూ కూర్చోబెట్టుకుని కథ మొదలుపెడుతుంది. ఒక బాద్‌షా, అతనికి ఏడుగురు కూతుళ్లు. లేదా ఒక సౌదాగరు, అతని ఇంట్లో మాట్లాడే చిలుక. సగం ఉర్దూ, సగం తెలుగు. మధ్యలో ఒక సామెత, ఒక పాట చరణం. అన్నం వడ్డించే వేళకు కథ ముగుస్తుంది. ఆమె చేతులు కడుక్కుని లేస్తుంది. ఆ కథ ఎవరిదని ఎవరూ అడగరు.

ఈ నెల సంపాదకీయం ఆ అడగని ప్రశ్న గురించే.

ముందుగా ఆ కథ ఎంత దూరం నుంచి వచ్చిందో చూద్దాం. సౌదాగరు ఇంటి చిలుక కథకు సంస్కృతంలో మూలం ఉంది. పద్నాలుగో శతాబ్దిలో జియావుద్దీన్ నఖ్షబీ దానిని ‘తూతీనామా’గా పారసీలో రాశాడు. 1639లో గోల్కొండ కవి గవ్వాసీ దానిని దక్కనీ భాషలోకి తెచ్చాడు. ఇదే చిలుకను తెలుగులో పాలవేకరి కదిరీపతి ‘శుకసప్తతి’గా పలికించాడు. ఒకే చిలుక ఒక ఇంట్లో దక్కనీలో, పక్క ఇంట్లో తెలుగులో మాట్లాడిందన్నమాట. ముస్లిములు ఈ నేలకు పరాయివారనీ, వారి సాహిత్యం ఎక్కడినుంచో దిగుమతి అయిందనీ అనేవారికి ఈ ఒక్క చిలుకే చాలినంత సమాధానం.

అయితే ఆ చిలుక చేసిన పనేమిటి? భర్త వ్యాపారానికి దూరదేశం వెళ్లాడు. భార్య గడప దాటబోతుంది. రాత్రికొక కథ చెప్పి చిలుక ఆమెను ఇంట్లోనే నిలిపివేస్తుంది. ఇక్కడ కథ స్త్రీకి కాపలా. చెప్పేది చిలుక, వినేది ఆమె. యాభై రెండు రాత్రులు గడిచినా ఆమె తన కథ తాను చెప్పుకోదు. చాలా కథల్లో స్త్రీ మోసగత్తెగానో చంచల చిత్తగానో కనిపిస్తుంది. ఇది ఆనాటి పురుషుడు స్త్రీని చూసిన చూపు.

దీనికి ఎదురుగా ‘అల్ఫ్ లైలా’లోని షహ్రజాద్‌ను నిలబెట్టి చూడండి. అరబ్బీలో స్థిరపడిన ఆ గ్రంథానికి వెనుక ‘హజార్ అఫ్సాన్’ అనే పారసీ కథల మూట ఉన్నదని పదో శతాబ్దిలోనే ఇబ్న్ అన్‌నదీమ్ నమోదు చేశాడు. రోజుకొక యువతిని పెళ్లాడి తెల్లవారగానే చంపించే రాజు ముందు ఆమె కూర్చుని కథ చెబుతుంది. కత్తి ఆమె మెడ మీదే కాదు, ఆ రాజ్యంలోని ఆడపిల్లలందరి మీదా ఉంది. ఆమె కథ చెప్పినంత కాలం ఆ కత్తి దిగదు. చివరికి రాజే మారతాడు. ఇక్కడ కథ స్త్రీకి కాపలా కాదు, స్త్రీ చేతిలోని డాలు. అదే రాత్రి, అదే కథనం. చెప్పే గొంతు మారగానే న్యాయం మారిపోయింది.

మన సంప్రదాయంలో ఈ రెండూ ఉన్నాయి. కాని పుస్తకాలకెక్కిన గొంతులలో అత్యధికం పురుషులవే. దర్బారుల్లోనూ బజారుల్లోనూ అమీర్ హమ్జా దాస్తాన్ చెప్పినవారు పురుషులు. ‘రేఖ్తీ’ పేరుతో స్త్రీల పలుకుబడిలో కవిత్వం చెప్పినవారిలో పేరు నిలిచినవారూ పురుషులే. 1869లో డిప్యూటీ నజీర్ అహ్మద్ ‘మిరాతుల్ ఉరూస్’ ప్రచురించాడు. తన కూతుళ్ల చదువు కోసం రాసిన ఆ కథలో ఢిల్లీ బేగంల జీవభాష వినిపిస్తుంది. ఆ మాటలు ఏ అమ్మలవో, ఏ పిన్నులవో పుస్తకం చెప్పదు. స్త్రీల నోట పుట్టిన భాష పురుషుల సంతకంతో బయటికి వచ్చింది.

స్త్రీలు రాయలేదా? రాశారు. బాబరు కూతురు గుల్‌బదన్ బేగం పదహారో శతాబ్దిలోనే పారసీలో ‘హుమాయూన్‌నామా’ రాసింది. యుద్ధాల జాబితా కాదది. పెళ్లిళ్లు, పురుళ్లు, అత్తల ఆదరణ, దారి తప్పిన కాన్వాయిలు, తప్పిపోయిన పసిపిల్లలు ఉన్న చరిత్ర. మనకు మిగిలింది ఒకే ఒక్క రాతప్రతి. అదీ అసంపూర్ణంగా, మధ్యలోనే ఆగిపోతుంది. తరువాతి పుటలు ఏమైపోయాయో! శహజాదీ గొంతుకే ఆ గతి పట్టినప్పుడు పల్లెటూరి నానీమా గొంతు సంగతి చెప్పేదేముంది?

మన తెలుగు నేల మీదకు వద్దాం. హైదరాబాదులో మహ్‌లఖా బాయి చందా (1768–1824) ఉర్దూ గజళ్లు దీవాన్‌గా కూర్చింది. సుగ్రా హుమాయూన్ మీర్జా (1884–1958) నవలలు రాసింది, ‘అన్నిసా’ అనే స్త్రీల పత్రిక నడిపింది, బాలికల కోసం పాఠశాల స్థాపించింది. జీలానీ బానో ‘ఐవాన్-ఎ-గజల్’ నవలలో కూలిపోతున్న నవాబు ఇళ్లను ఆ ఇళ్లలోని స్త్రీల వైపు నుంచి చూపించింది. ఆమె రాసిన ‘నర్సయ్యా కీ బావ్డీ’ కథ శ్యామ్ బెనెగల్ ‘వెల్‌డన్ అబ్బా’ చిత్రానికి ఆధారమైన కథల్లో ఒకటి. ఒక ముస్లిం రచయిత్రి తెలంగాణ పల్లెలో నర్సయ్య బావి గురించి ఉర్దూలో రాయడమే మన సహజీవనానికి సాక్ష్యం.

తెలుగులోనూ ఆ గొంతు లేచింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్ జలా’ తెలుగు ముస్లిం కవిత్వానికి దారి తీశాయి. 2004లో వచ్చిన ‘వతన్’ ముస్లిం కథలను ఒకచోట చేర్చింది. షాజహానా ‘నఖాబ్’ కవితలు ముస్లిం స్త్రీ బయట ఎదుర్కొనే వివక్షను ఎంత సూటిగా అడిగాయో, ఇంటి లోపలి అన్యాయాన్నీ అంతే సూటిగా అడిగాయి. స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్న ముస్లిం మహిళల చరిత్రను సయ్యద్ నశీర్ అహమ్మద్ శ్రమకోర్చి తెలుగులో గ్రంథస్థం చేశారు. ఇవన్నీ మనం గర్వించవలసిన కృషి.

అయినా గుంటూరు, ప్రకాశం మైదానాల్లోని సాధారణ ముస్లిం స్త్రీ గొంతు ఇంకా పుస్తకం దాకా రాలేదు. ఆమె కల్లంలో మిరపకాయలు ఎండబోసి తాలుకాయలు ఏరుతుంది. తొడిమలు తీస్తుంది. పత్తితీతకు పోతుంది. మంట పుట్టే చేతులతో ఇంటికి వచ్చి పిల్లలకు అన్నం పెడుతుంది. ఆమెకు గుల్‌బదన్ వలె రాజకుటుంబం లేదు, మహ్‌లఖా వలె జాగీరు లేదు. కాని కథ ఉంది. దక్కను సూఫీలు ఒకప్పుడు ఈ సంగతి గుర్తించారు. తిరగలి విసిరే స్త్రీల కోసం ‘చక్కీనామా’లు, రాట్నం తిప్పే స్త్రీల కోసం ‘చర్ఖానామా’లు దక్కనీలో కట్టారు. శ్రమ చేసే స్త్రీ నోటిలోకి పాట చేరితే అది తరతరాలు నిలుస్తుందని వారికి తెలుసు. ఆ పాటలను వందల ఏళ్లు మోసి కాపాడింది ఆ స్త్రీలే. కట్టినవారి పేర్లు కొన్నైనా మిగిలాయి, మోసినవారి పేరు ఒక్కటీ మిగలలేదు.

ఇంకొక మాట. ఈ మైదానాల్లోని ముస్లిములందరి ఇంటి భాష ఉర్దూ కాదు. దూది ఏకడం కులవృత్తిగా బతికిన నూర్‌బాషా, దూదేకుల కుటుంబాల్లో తరతరాలుగా తెలుగే మాతృభాష. ఆ తల్లులు చెప్పే పీర్ల కథలు, వలీల మహిమలు, మొహర్రం పాటలు తెలుగులోనే ఉన్నాయి. ఉర్దూ రానంత మాత్రాన వారిని సగం ముస్లిములుగా చూసే దురలవాటు మనలో కొందరికి ఉంది. అది మానుకోవాలి. మన కథల వారసత్వంలో వారి తెలుగు కథలకు సమాన వాటా ఉంది.

స్త్రీల గొంతును నమోదు చేయాలనడం పాశ్చాత్యుల నుంచి అరువు తెచ్చుకున్న ఆలోచన అని కొందరు పెద్దలు అనుకోవచ్చు. వారికి వినయంగా ఒక విషయం గుర్తు చేస్తాం. హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా మనకు అందిన హదీసుల సంఖ్య 2,210గా పండితులు లెక్కించారు. ప్రతి ఉల్లేఖనం ముందూ ఆమె పేరు ఉంటుంది. ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు అన్న పేర్ల గొలుసు లేనిదే మాట చెల్లని విద్య మనది. భర్త చేసిన అన్యాయం గురించి హజ్రత్ ఖౌలా (రజి) చేసిన ఫిర్యాదు అల్లాహ్ విన్నాడన్న సంగతితోనే ‘ముజాదిలా’ సూరా ఆరంభమవుతుంది. ఆమె వాదించింది, ఆ వాదనకు జవాబు దిగివచ్చింది. ఇంతటి ధర్మానికి వారసులమై ఉండి, మన ఇంటి స్త్రీ చెప్పిన కథకు ఆమె పేరు రాయడానికి వెనుకాడడం సిగ్గుపడవలసిన విషయం.

మరికొందరు మిత్రులు ఇంకో ప్రశ్న వేస్తారు. చదువులు లేవు, కొలువులు లేవు, మన పేదరికాన్ని సచార్ కమిటీ 2006లోనే లెక్కలతో చూపించింది. ఇప్పుడు పరీల కథలు ఏరుకోవడం అవసరమా? ప్రశ్న న్యాయమైనదే. కాని ఒక సముదాయాన్ని అణచివేయడం దాని గురించి ఇతరులు చెప్పే కథతోనే మొదలవుతుంది. సినిమాలో మనవాడు ఏ పాత్ర వేస్తాడో, పత్రికలో మన వీధిని ఏ మాటతో పిలుస్తారో మనకు తెలుసు. బురఖా వేసుకున్న స్త్రీకి నోరే లేదని లోకం చెప్పే కథకు ఆమె నోటి కథే జవాబు. మన కథ మనం చెప్పుకోకపోతే మన కథను చిలుక చెబుతుంది, గడప దాటనివ్వకుండా.

హక్కుల కోణం కూడా ఉంది. తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కును రాజ్యాంగం 29వ అధికరణ ద్వారా ఇచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని 350-ఎ అధికరణ చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా చట్టబద్ధమైంది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. హోదా కాగితం మీద ఉంటే చాలదు. ఉర్దూ పాఠశాలల్లో ఖాళీలు నింపాలి. గ్రంథాలయాల్లో ఉర్దూ అర ఉండాలి. ఉర్దూ అకాడమీ ముషాయిరాలకు ఇచ్చే ప్రాధాన్యంలో కొంత మన పల్లెల స్త్రీల కథల సేకరణకూ ఇవ్వాలి. విశ్వవిద్యాలయ పరిశోధకులు లక్నో దాస్తాన్లతో పాటు పెదకాకాని, పొన్నూరు, చిలకలూరిపేట, ఒంగోలు వాడల కథలనూ వినాలి. వీటిని అడిగి తీసుకోవడం మన హక్కు.

అయితే ప్రభుత్వం వచ్చేదాకా నానీమాలు ఆగరు. పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. నానీమా మాట అర్థమైనా తిరిగి చెప్పలేని తరం మన కళ్ల ముందే పెరుగుతోంది. కథ తెగిపోవడానికి యుద్ధాలు అక్కరలేదు. ఒక్క తరం వినకపోతే చాలు.

కాబట్టి ప్రతి ఇంటికీ ఈ పత్రిక చేసే మనవి ఇది. ఇంట్లోని నానీమానో, దాదీమానో, ఖాలానో కూర్చోబెట్టి ఫోనులో ఒక్క కథ రికార్డు చేయండి. ముందు ఆమె అనుమతి అడగండి, ఆమె వద్దన్న కథను బయటపెట్టకండి. ఆమె మాటను దిద్దకండి. సగం ఉర్దూ, సగం తెలుగు అయితే అలాగే తెలుగు లిపిలో రాయండి. ఆ భాష అశుద్ధం కాదు, అదే మన భాష. రాసే పని ఇంట్లోని ఆడపిల్లకు అప్పగించండి. విన్న కథను రాసిన పిల్ల రేపు తన కథ రాయడానికి భయపడదు. చివర చెప్పినామె పేరు, ఊరు, ఆమె ఎవరి దగ్గర విన్నదో ఆ పేరు కూడా రాయండి. హదీసు విద్య మనకు నేర్పిన పేర్ల గొలుసును మన ఇంటి కథకూ కడదాం.

అలా వచ్చిన కథలకు వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో రెండు పుటలు కేటాయిస్తున్నాం. ఉరుసు కమిటీల పెద్దలకు, మస్జిద్ కమిటీలకు, షాదీఖానాల నిర్వాహకులకు కూడా ఒక విజ్ఞప్తి. ఏడాదికి ఒక్క సాయంత్రం స్త్రీలు కథలు చెప్పుకోవడానికి చోటు ఇవ్వండి. దీపాలు, కుర్చీలు, మంచినీళ్లు చాలు. వేదిక వారికే వదిలివేయండి.

మళ్లీ దర్గా చెట్టు నీడకు వెళ్దాం. అన్నం ఉడికింది, కథ ముగిసింది, వృద్ధురాలు లేవబోతోంది. ఈసారి పిల్లల్లో ఒకరు ఆమె కొంగు పట్టుకుని ‘నానీమా, ఈ కథ నీకెవరు చెప్పారు?’ అని అడగాలి. ఆమె ఒక పేరు చెబుతుంది. ఆ పేరు వెనుక ఇంకొక పేరు ఉంటుంది. ఆ పేర్లన్నీ మట్టిలో కలిసిపోకముందే కాగితం మీదకు చేర్చే బాధ్యత మనది. అల్లాహ్ మనకు ఆ శక్తినీ శ్రద్ధనూ ప్రసాదించుగాక. ఆమీన్.