రాకుమారి ఒకరు, గయ్యాళి ఒకరు: ఈ కథ రాసిందెవరు?

మన ఊళ్ళలో స్కేటింగ్ అంటే సాయంత్రం పూట పార్కులో పిల్లలు హెల్మెట్లు పెట్టుకుని, చక్రాల బూట్లు వేసుకుని తిరిగే ఆట. మంచు మీద, ఉక్కు బ్లేడు మీద నిలబడి ఆడే ఫిగర్ స్కేటింగ్ మాత్రం మనం టీవీలోనో ఫోన్‌లోనో చూడాల్సిందే. చూస్తే మటుకు కళ్ళు తిప్పుకోలేం. పాటా, నాట్యం, సర్కస్ మూడూ కలిసినట్టుంటుంది. మెరిసే గౌను, చెదరని ముడి, చెరగని చిరునవ్వు. గాల్లోకి ఎగిరి మూడు చుట్లు తిరిగి, ఒంటికాలి మీద వాలి, ఏమీ జరగనట్టు మళ్ళీ నవ్వాలి.

ఆ "ఏమీ జరగనట్టు" అన్న దగ్గరే నాకు మనందరం కనిపిస్తాం. పండగ నాడు పాతికమందికి వండి, చెమట తుడుచుకుని, పట్టుచీర కట్టుకుని, "అబ్బే, ఎంతసేపండీ, ఇట్టే అయిపోయింది" అంటాం చూడండి, అచ్చం అలాగే. కష్టం కనపడకూడదు, ఖర్చు కనపడకూడదు. కనపడకపోతే ఒద్దిక, సొగసు అంటారు. కనపడిందా, మొరటు అంటారు.

ఈ సొగసుకీ మొరటుకీ మధ్య గీత గీసేది ఎవరు? ఆ సంగతి తెలియాలంటే 1994లో అమెరికాలో జరిగిన కథ చూడాలి. "ఐ, టోన్యా" అనే సినిమా 2017లో వచ్చాక మనలోనూ కొంతమందికి తెలిసిన కథే. తెలియనివాళ్ళ కోసం టూకీగా చెప్తాను.

1994 జనవరి 6న డెట్రాయిట్‌లో, జాతీయ పోటీల కోసం ప్రాక్టీసు ముగించుకుని వస్తున్న నాన్సీ కెరిగన్ అనే స్కేటర్‌ని ఒకడు లాఠీతో మోకాలి దగ్గర కొట్టి పారిపోయాడు. ఆమె నేల మీద కూలబడి "ఎందుకు, ఎందుకు" అని ఏడ్చిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. కొట్టించింది ఆమెతో పోటీపడే టోన్యా హార్డింగ్ మాజీ భర్త, బాడీగార్డు కలిసి అని కొద్ది రోజుల్లోనే బయటపడింది. ఆ ఫిబ్రవరిలో నార్వేలోని లిల్లెహామర్ ఒలింపిక్స్‌లో ఇద్దరూ ఆడారు. కెరిగన్‌కి వెండి పతకం, హార్డింగ్‌కి 8వ స్థానం. దర్యాప్తుకి అడ్డుపడే కుట్రలో పాలుపంచుకున్నానని మార్చిలో హార్డింగ్ కోర్టులో ఒప్పుకుంది. మూడేళ్ళ ప్రొబేషన్, లక్ష డాలర్ల జరిమానా, 500 గంటల సమాజ సేవ శిక్షగా పడ్డాయి. జూన్‌లో అమెరికా స్కేటింగ్ సంఘం ఆమె గెలిచిన జాతీయ టైటిల్ వెనక్కి తీసుకుని, జీవితాంతం వెలి వేసింది.

ఒక మాట ముందే చెప్పాలి. హార్డింగ్‌ని కడిగిన ముత్యంలా చూపించడం నా ఉద్దేశం కాదు. నేరం నేరమే, దాచడమూ నేరమే. నా గొడవల్లా వేరే. ఆ లాఠీ దెబ్బ పడక ముందే పత్రికలూ టీవీలూ ఆ ఇద్దరు అమ్మాయిలకీ పాత్రలు పంచేశాయి. ఒకరు రాకుమారి, ఒకరు గయ్యాళి. ఆ పంపకం ఎలా జరిగిందో చూద్దాం.

హార్డింగ్ ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ పిల్ల. తల్లి హోటల్లో వడ్డన పని చేసేది. కూతురి డ్రెస్సులు ఇంట్లోనే కుట్టేది. ఒక షాపింగ్ మాల్‌లో ఉన్న మంచు మైదానంలో, వచ్చే పోయే జనం చూస్తుండగా ఈ పిల్ల ప్రాక్టీసు చేసేది. ఆస్తమా ఉంది. కారు బాగుచేయడం వచ్చు. 1991లో జాతీయ పోటీల్లో ట్రిపుల్ ఆక్సెల్ వేసింది. అంటే ముందుకి చూస్తూ ఎగిరి గాల్లో మూడున్నర చుట్లు తిరగడం. అమెరికా ఆడవాళ్ళలో పోటీలో దాన్ని చేసి చూపించిన మొదటి మనిషి ఆమే. ప్రపంచం మొత్తం మీద అంతకు ముందు జపాన్ అమ్మాయి మిడోరి ఇటో ఒక్కతే చేసింది. అంత పని చేసినా, ఆమె గురించి రాసేటప్పుడు లావు తొడలు, చవకబారు మేకప్, ఇంట్లో కుట్టిన డ్రెస్సు, సిగరెట్టు, పికప్ ట్రక్కు, ఇవే ముందొచ్చేవి.

మరి కెరిగన్ నిజంగా రాకుమారేనా? మసాచుసెట్స్ రాష్ట్రంలో స్టోన్‌హమ్ అనే చిన్న ఊరి పిల్ల. తండ్రి వెల్డింగ్ పని చేసేవాడు. కూతురి శిక్షణ ఖర్చు కోసం ఆ మంచు మైదానంలోనే మంచుని చదును చేసే బండి నడిపేవాడు. తల్లికి చూపు దాదాపు లేదు. అంటే ఇద్దరూ రెక్కాడితే గానీ డొక్కాడని ఇళ్ళ పిల్లలే! ఈ సంగతి తెలిశాక నాకు కథంతా తిరగబడినట్టనిపించింది. ఇది కలిగినింటి పిల్లకీ లేనింటి పిల్లకీ పోటీ కానే కాదు. కలిగినింటి పిల్లలా కనిపించగలిగిన పేదింటి పిల్లకీ, అలా కనిపించలేని పేదింటి పిల్లకీ పోటీ.

కెరిగన్‌కి పొడుగాటి ఒళ్ళు, కోల ముఖం, నెమ్మదైన మాట కలిసొచ్చాయి. పెళ్లి గౌన్లకి పేరు మోసిన వేరా వాంగ్ ఆమెకి డ్రెస్సులు రూపొందించింది. ప్రకటనలొచ్చాయి. దానివల్ల డబ్బొచ్చింది, డబ్బుతో ఇంకా మంచి రూపం వచ్చింది. ఇందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు. అడిగిన వేషం వేయగలిగింది, వేసింది. అడిగినవాళ్ళ సంగతే మనం మాట్లాడుకోవాలి.

అప్పట్లో ఈ ఆటలో ప్రతి న్యాయనిర్ణేతా రెండు మార్కులు వేసేవారు, ఒక్కొక్కటి 6కి. ఒకటి గెంతులూ చుట్లూ ఎలా చేశారన్నదానికి. రెండోది కళాత్మకతకి. మొదటిది కొంతవరకు లెక్క పెట్టొచ్చు. రెండోది? డ్రెస్సు, సంగీతం, చేతి వేళ్ళు, మెడ వంపు, "కుటుంబం నుంచి వచ్చిన పిల్ల" అనిపించే ఆ తీరు, అన్నీ ఆ రెండో మార్కులోకి చేరతాయి. లిల్లెహామర్‌లో బంగారు పతకం తేలింది కూడా వెంట్రుకవాసిలోనే. 9 మందిలో 5గురు ఉక్రెయిన్ నుంచి వచ్చిన 16 ఏళ్ళ ఒక్సానా బైయుల్ వైపు, 4గురు కెరిగన్ వైపు.

మనకి ఇది కొత్తేమీ కాదు. పిల్లల్ని కూచిపూడికో భరతనాట్యానికో పంపిన తల్లులకి తెలుసు. నెల నెలా ఫీజు ఒక ఎత్తు, అరంగేట్రం ఒక ఎత్తు. హాలు, లైవ్ ఆర్కెస్ట్రా, మూడు నాలుగు జతల డ్రెస్సులు, టెంపుల్ నగలు, మేకప్‌మేన్, ఫొటోలు, వచ్చినవాళ్ళకి భోజనాలు. అడుగులు ఎంత చక్కగా వేసినా, అద్దె డ్రెస్సు ఒంటికి సరిపోక పిన్నులు పెట్టుకున్న పిల్ల గురించి "బాగానే చేసింది గానీ, ఆ కళ లేదు" అంటారు. ఆ "కళ" ఎన్ని వేల రూపాయలో ఎవరూ చెప్పరు.

ఇక పాత్రల పంపకం. నేను చదివింది తెలుగు సాహిత్యం కాబట్టి మాటల దగ్గర ఆగడం అలవాటు. "గయ్యాళి" అన్న మాటకి మగవాళ్ళకి సరిపోయే మాట ఒకటి చెప్పండి చూద్దాం! వెతికినా దొరకదు. "గుండమ్మ కథ" వచ్చి అరవై ఏళ్ళు దాటినా, గట్టిగా మాట్లాడే ఆడమనిషిని చూస్తే ఇప్పటికీ మనకి సూర్యకాంతం గారే గుర్తొస్తారు. నోరెత్తకుండా చాకిరీ చేసిన సావిత్రి మంచి పిల్ల. అమెరికా టీవీ వాళ్ళు మన సినిమా చూసి ఉండరు. అయినా అదే పంపకం చేశారు.

ఇంకో సంగతి గమనించండి. ఈ నేరం పన్నింది మగవాళ్ళు, చేసింది మగవాళ్ళు. మాజీ భర్త, బాడీగార్డు, కొట్టినవాడు, బండి నడిపినవాడు, నలుగురూ జైలుకెళ్ళారు. వాళ్ళ పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా? ముప్పై ఏళ్ళుగా లోకం చెప్పుకునేది "టోన్యా, నాన్సీల గొడవ". మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మన సామెత. కొట్టినవాడు సామెతలోంచి ఎంత సులువుగా తప్పుకున్నాడో చూశారా! మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఈర్ష్య. చూసేవాళ్ళకి అదే సరదా.

అసలు ఆ భర్త తనని కొడుతున్నాడని హార్డింగ్ ఈ దాడికి ముందే కోర్టుకెళ్ళి రక్షణ ఉత్తర్వులు అడిగింది. తాను కొట్టలేదని అతనంటాడు. ఏదేమైనా, అప్పుడు మాత్రం అది వార్త కాలేదు. తర్వాత వార్త అయింది, కానీ బాధగా కాదు, నవ్వులాటగా. "వాళ్ళ ఇళ్ళల్లో అంతేలే" అనేశారు. ఈ మాట మనమూ వింటుంటాం. పనమ్మాయి వాచిన ముఖంతో వస్తే "వాళ్ళల్లో మామూలే" అంటారు. అదే మన అపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా జరిగితే తలుపులేసి గుసగుసలాడతారు. దెబ్బ ఒకటే, దానికి పలికే జాలి మాత్రం ఇంటిని బట్టి మారుతుంది. నా మటుకు నాకు ఈ కథలో అన్నిటికన్నా మనసు కలచేది ఇదే.

సరే, మరి రాకుమారికైనా సుఖం దక్కిందా? ఒలింపిక్స్ అవగానే డిస్నీ పార్కులో కెరిగన్‌ని ఊరేగించారు. పక్కన మిక్కీ మౌస్ వేషం. ఇదంతా చాదస్తంగా ఉందని ఆమె గొణగడం మైకులో పడింది. అంతే! నిన్నటిదాకా దేవత అన్నవాళ్ళే కృతఘ్నురాలు, ఏడుపుగొట్టు అన్నారు. మోకాలి మీద లాఠీ దెబ్బ తిని, ఏడు వారాల్లో లేచొచ్చి ఒలింపిక్ పతకం గెలిచిన మనిషికి విసుక్కునే హక్కు కూడా లేకపోయింది. అందుకే అంటాను, మంచి పిల్ల అన్న పేరు మన సొంత ఇల్లు కాదు, అద్దె ఇల్లు. ఒక్క నెల అద్దె తప్పితే సామాను రోడ్డు మీద పడేస్తారు.

ఇద్దరికీ తెల్లతోలైనా ఉంది. అదీ లేని అమ్మాయి సంగతి చూడండి. ఫ్రాన్స్‌కి చెందిన నల్లజాతి స్కేటర్ సూర్యా బోనలీ. పేరు మన పిల్ల పేరులా ఉంటుంది. 1993 నుంచి 1995 దాకా వరసగా మూడేళ్ళు ప్రపంచ పోటీల్లో రెండో స్థానమే. ఆమె ఎగురుడు చూసి బలం ఉందనేవారు, నాజూకు లేదనేవారు. 1998 నాగానో ఒలింపిక్స్‌లో, గాయంతో ఉండి, నిషేధం అని తెలిసీ, వెనక్కి పల్టీ కొట్టి ఒంటికాలి మీద వాలింది. మార్కులు పోయాయి, జనం మాత్రం చప్పట్లు కొట్టారు. ఆ పల్టీ మీద నిషేధాన్ని 2024లో ఎత్తేశారు. ఆమె చేసినప్పుడు తెంపరితనం, ఇప్పుడు నైపుణ్యం!

నిబంధనలు మారలేదని కాదు. 1988లో జర్మనీ స్కేటర్ కటరీనా విట్ లంగా లేని డ్రెస్సు వేసుకుందని, ఆడవాళ్ళందరూ లంగా వేసుకోవాల్సిందేనని రాసిపెట్టారు. 2004లో గానీ అది పోలేదు. 2021 దాకా ఆ పోటీ పేరే "లేడీస్". ఆ ఏడు "విమెన్" అని మార్చారు. మర్యాదస్తురాలు అనిపించుకోనక్కర్లేదు, ఆడది అయితే చాలు అని ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది. మనం నవ్వుకోనక్కర్లేదు. 2005లో మన హైదరాబాద్ పిల్ల సానియా మీర్జా టెన్నిస్ కోర్టులో అదరగొడుతుంటే, ఆమె స్కర్టు పొడవు మీద చర్చ పెట్టినవాళ్ళం.

పత్రికలూ టీవీలూ రేపే మారిపోతాయని నాకు ఆశ లేదు. చూసేవాళ్ళం ఉన్నంత కాలం వాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళని ఎదురెదురుగా నిలబెడుతూనే ఉంటారు. మన సీరియళ్ళు నడిచేదే దాని మీద. కానీ చూసేవాళ్ళం మనమే కదా. మన ఆడపిల్లలు మన పక్కనే కూర్చుని చూస్తారు కదా. తెర మీద ఒకమ్మాయిని చూసి "ఛీ, ఎంత మొరటుగా ఉందో" అని మనం అన్న ప్రతిసారీ, పక్కనున్న పిల్ల తన నవ్వునీ, నడకనీ, గొంతునీ ఇంకొంచెం సర్దుకుంటుంది.

అందుకని మా అమ్మాయితో కలిసి ఏ ఆట చూసినా నేనొకటి చేస్తున్నాను. డ్రెస్సు గురించి మాట్లాడే ముందు ఆమె ఏం చేసిందో మాట్లాడతాం. ఎన్ని చుట్లు తిరిగింది, పడిందా, పడితే ఎలా లేచింది. కామెంటరీలో ఒకమ్మాయిని దేవత అన్నా, పొగరుబోతు అన్నా, ఎందుకంటున్నారో ఒక్క నిమిషం ఆలోచిస్తాం. ఆమె తల్లిదండ్రులు ఏం పని చేస్తారు, ఆ డ్రెస్సు ఎవరు కొన్నారు, ఈ కథలో లాభం ఎవరికి అని. ఒక్కోసారి మా అమ్మాయి నాకంటే ముందే పట్టేస్తుంది.

మీ ఇళ్ళల్లో "మంచి పిల్ల", "మొండి పిల్ల" పాత్రలు ఎవరెవరికి పంచారు? పంచింది ఎవరు? వీలైతే రాయండి, మాట్లాడుకుందాం.