నా కోడ్‌కి లేని నిషేధం నాన్న వడ్లకెందుకు?

మొన్న లంచ్ దగ్గర మళ్ళీ అదే గొడవ. ఆర్థిక స్వేచ్ఛ ఎక్కువున్న దేశాలే బాగుపడ్డాయని మా టీంలో ఒకతను గ్రాఫు తీసి చూపించాడు. "1991 సంస్కరణలు లేకపోతే మనమంతా ఎక్కడుండేవాళ్ళం బాస్?" అన్నాడు. ఒప్పుకున్నాను.

"మరి 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతులు ఆపేసినప్పుడు నీ గ్రాఫు ఎటు పోయింది?" అనడిగాను.

"అది వేరే. ధరలు పెరిగిపోతాయి కదా!"

ఎందుకు వేరే? మా నాన్న వరి రైతు. నేను కోడ్ రాస్తాను. ఇద్దరం పండించిందే అమ్ముకుంటున్నాం. ఎస్టీపీఐ యూనిట్ల ఎగుమతి లాభాలకి 2011 మార్చి దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉండేది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2008లో, మామూలు బియ్యం ఎగుమతిని నిషేధించారు. 2011 సెప్టెంబరులో గానీ ఎత్తలేదు. 2023 నిషేధం మళ్ళీ 2024 సెప్టెంబరు దాకా నడిచింది. రెండుసార్లూ బాస్మతికి నిషేధం లేదు. మన సోనా మసూరికే!

ఒక్కసారి ఊహించండి. "దేశంలో బాంకులకీ ఆస్పత్రులకీ ప్రోగ్రామర్లు మరీ ఖరీదైపోయారు, కాబట్టి ఏడాది పాటు అమెరికా ప్రాజెక్టులు బంద్" అని ప్రభుత్వం ప్రకటిస్తే? మనం ఊరుకుంటామా? సాయంత్రానికల్లా దేశం నాశనమైపోయిందని గగ్గోలు పెట్టమూ?

ధర బానే పలికిందిగా అంటారు. పలికింది. బయటి కొనుగోలుదారుడు కూడా ఉంటే ఇంకెంత పలికేదో నాన్నకి ఎప్పటికీ తెలీదు.

రైతులు పన్ను కట్టరు, కరెంటు ఉచితం అని ఇంకో మాట. నిజమే. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడాన్ని స్వేచ్ఛ అనరు. ఆ మాటకొస్తే పన్ను మినహాయింపు మనమూ తిన్నాంగా?

స్వేచ్ఛ ఇస్తే ఏమవుతుందో చూడాలంటే వియత్నాం చూడండి. అక్కడ కూడా వరే. సమష్టి సేద్యంలో తిండికి చాలక బియ్యం దిగుమతి చేసుకునేవాళ్ళు. 1986లో సంస్కరణలు మొదలయ్యాయి. 1988లో పొలాన్ని కుటుంబాల చేతికిచ్చి, మిగిలిన పంట అమ్ముకోమన్నారు. 1989కల్లా ప్రపంచంలోని పెద్ద బియ్యం ఎగుమతిదారుల్లో ఒకరయ్యారు. 1993లో వందకి 58 మంది పేదలుంటే, 1998కి 37 మందే. అదేం స్వర్గం కాదు, ఇప్పటికీ ఒకటే పార్టీ, భూమి మీద హక్కు రాజ్యానిదే. అయినా రైతు చేతికి కాస్త స్వేచ్ఛ వచ్చేసరికే ఇంత తేడా.

మరి కొనుక్కు తినేవాళ్ళ సంగతి? పేదవాడికి బియ్యం అందాల్సిందే. అందులో రాజీ లేదు. 2013 ఆహార భద్రత చట్టం ఉన్నది అందుకే. 2023 జనవరి నుంచి ఆ బియ్యం ఉచితంగానే ఇస్తున్నారు. ఇంకా చాలకపోతే ప్రభుత్వం మార్కెట్ ధరకి కొని ఇవ్వాలి. ఆ ఖర్చు నా జీతంలోంచీ మీ జీతంలోంచీ పన్నుగా రావాలి. మా నాన్న జేబులోంచి ఎవరికీ చెప్పకుండా తీసుకోవడం మాత్రం కుదరదు.

ఆర్థిక స్వేచ్ఛ గొప్పదని నేనూ నమ్ముతాను. కానీ ఏసీ గదుల్లో కూర్చున్నవాడికి హక్కు, కళ్ళంలో వడ్లు ఆరబోసుకున్నవాడికి దయాభిక్ష అయితే అది స్వేచ్ఛ కాదు, మన కులాసా. ఈసారి ఎవరైనా ఆ గ్రాఫు చూపిస్తే ఒక్కటే అడగండి... ఇందులో వరి రైతు ఉన్నాడా?