మనోవ్యాధికి మందుంది

క్రిందటి నెలలో ఒక సోదరి ఉత్తరం రాశారు. ఊరూ పేరూ వేయవద్దన్నారు కనుక వేయను. “మావారికి ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. ఒళ్ళంతా చెమటలు. ఇదే ఆఖరు క్షణమంటారు. ఇద్దరు గుండె డాక్టర్లకి చూపించాం, ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే ఈయన ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంట్లో కూర్చోవడమేమిటండీ?” ఇదీ ఉత్తరం సారాంశం.

జవాబు రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. సంగతి తెలియక కాదు, మరీ బాగా తెలిసి.

2017లో ఒకనాడు క్లాసులో పాఠం చెబుతున్నాను. చేతిలో సుద్దముక్క జారిపోయింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు, గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది. ‘అయిపోయింది’ అనుకున్నాను. పిల్లలు నన్ను ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. ఇ.సి.జి. తీసి, రక్తపరీక్షలు చేసేటప్పటికి దడ దానంతటదే దిగిపోయింది. “మీ గుండె గుండ్రాయిలా ఉంది మాష్టారూ, నిశ్చింతగా ఇంటికి వెళ్ళండి” అన్నారు డాక్టరుగారు.

ఆ నిశ్చింత ఒక్కటే కుదరలేదు. పది రోజులకి బస్సులో మళ్ళీ అదే వరస. తర్వాత ఒక పెళ్ళిపందిట్లో. నాలుగు నెలలు తిరిగేసరికి బస్సెక్కడం మానేశాను, పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను, కాలేజీ గేటుదాకా మా ఆవిడ తోడు రావలసి వచ్చింది. ఆ దడ వారానికి పది నిమిషాలే. వస్తుందేమోనన్న భయం మాత్రం తక్కిన వారమంతా.

ఇంట్లో తలా ఒక వైద్యం చెప్పారు. అమ్మ దిష్టి తీసింది. మానసిక వైద్యుడికి చూపిద్దామని మా ఆవిడ అన్ననాడు మాత్రం తలుపు దగ్గరగా వేసి, “ఒరేయ్, ఇంట్లో ఎదుగుతున్న ఆడపిల్ల ఉంది. నలుగురికీ తెలిస్తే రేపు దానికి సంబంధాలు వస్తాయిరా?” అంది. నాకూ అదే సబబుగా తోచింది. మనోవ్యాధికి మందు లేదన్న సామెత ఎలాగూ ఉంది. ఏటేటా క్లాసులో నేనే చెప్పేవాణ్ణి. సామెతల్లో కొన్ని మందు పుట్టకముందు పుట్టినవని అప్పుడు స్ఫురించలేదు. అలా ఏడాది పోయింది.

చివరికి మా ఆవిడ మాట నెగ్గింది. మమ్మల్నెవరూ ఎరగని పొరుగూరికి, ముసుగుదొంగల్లా వెళ్ళాం. డాక్టరమ్మ నా విద్యార్థినుల కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. అంతా విని, దీన్ని పానిక్ డిజార్డర్ అంటారని చెప్పింది. “మీ ఇంటి కుక్క మంచిదే మాష్టారూ. దొంగ వస్తే మొరగవలసింది, ఆకు కదిలినా మొరగడం అలవాటు చేసుకుంది. దాని అరుపుకి మీరు జడిసిన కొద్దీ మరింత అరుస్తుంది” అంది. ఏడాదిలో ఎవరూ ‘ఏమీ లేదు’ అనకుండా నాకేదో ఉందని చెప్పడం అదే మొదటిసారి. ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

సెర్ట్రలిన్ అనే మాత్ర చిన్న మోతాదులో మొదలుపెట్టింది. ఇది తలనొప్పి బిళ్ళలాంటిది కాదు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి పది రోజులూ గాభరా కాస్త హెచ్చినా హెచ్చవచ్చునని ముందే హెచ్చరించింది, హెచ్చింది కూడా. చాలామంది అక్కడే మానేస్తారట. అంతకుముందు ఒక మిత్రుడు తన జేబులోంచి తీసిచ్చిన ఆల్ప్రజోలామ్ అరగంటలో పనిచేసేది. కానీ అలవాటుగా మారేది అదీ, ఇది కాదు. మనవాళ్ళేమో దాన్ని పంచుకుంటారు, దీనికి జడుస్తారు!

మాత్రతోబాటు సి.బి.టి. అనే మాటల వైద్యం. మాటలేనా? నన్ను కుర్చీలో కూర్చోబెట్టి గిరగిర తిప్పారు. మెట్లు గబగబా ఎక్కించారు. దడ పుట్టించి, అది ప్రాణం తీయదని ఒంటికే నేర్పడం దాని కిటుకు. ఆ తర్వాత బస్సులో ఒక స్టేజీ, మర్నాడు రెండు స్టేజీలు. కండక్టరు నన్నేమనుకున్నాడో!

మూడు నెలలకి కులాసాగా ఉంది. ఉంది కదా అని ఎవరితోనూ చెప్పకుండా మాత్రలు మానేశాను. నాలుగు రోజులు తల తిరిగింది, రెండు నెలల్లో దడ తిరిగి వచ్చింది. బాగుపడ్డాక కూడా ఆరునెలలో ఏడాదో వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లిమెల్లిగా తగ్గించాలిట. మొదటినాడే చెప్పిందట కూడా, వినడం మరచిపోయాను.

ఇక సోదరికి జవాబు. గుండె పరీక్షలు చేయించి మంచిపని చేశారు. థైరాయిడ్ చూపించకపోతే చూపించండి. ఆపైన నేరుగా మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. అక్కడ మీరు ఒంటరివారు కారు. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో పదిమందికి ఒకరికి ఏదో ఒక మానసిక వ్యాధి కనిపించింది. అందులో నూటికి 70 మందికి పైగా చికిత్సే లేదు. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కి ఫోను చేయండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టిన టెలి-మానస్ అది. డబ్బు అక్కరలేదు, రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడవచ్చు. మీవారు ఎప్పుడైనా ‘చచ్చిపోతే బాగుండు’ అంటే మాత్రం తెల్లవారేదాకా ఆగకండి.

ఇదంతా అచ్చులో రావడానికి మా అమ్మాయి అనుమతి తీసుకున్నాను. “దాచిపెడితేనే చేసుకుంటామనే ఇంటికి నేనెందుకు వెళ్తాను నాన్నా?” అంది.

అమ్మ ఏమంటుందోనని జంకాను. నాన్నగారు పోయి రెండేళ్ళయింది. మొదట్లో ఏడ్చింది, తర్వాత ఆ ఏడుపూ పోయింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. కీళ్ళనొప్పులంటుంది. ముందు ఏం పెట్టినా రెండు ముద్దలు తిని లేచిపోతుంది. అది దుఃఖమే అనుకున్నాం, వయసనుకున్నాం. ఇన్ని తెలిసిన నేనూ అలాగే అనుకున్నాను.

ఈ వ్యాసం చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ అమ్మాయి ఇంకా అక్కడే ఉందిట్రా? నన్నూ ఓసారి తీసుకెళ్ళు” అంది.

తీసుకెళ్ళాను. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, ఇది డిప్రెషనేనని తేల్చి మందు రాసింది. అచ్చుకి పంపడం అందుకే ఆలస్యమైంది. ఇది ఐదోవారం. నిన్న రాత్రి చారులో ఉప్పు తక్కువైందని అమ్మ కోడల్ని కేకలేసింది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని, ఉప్పు తెచ్చి వేసింది.