కొవ్వూరులో స్థలం కొంటున్నారా? ముందు వంతెన సంగతి చూడండి!

గోదావరికి అటు రాజమహేంద్రవరం, ఇటు కొవ్వూరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో కొవ్వూరు పశ్చిమ నుంచి తూర్పు గోదావరిలోకి మారింది. కలెక్టరేట్ ఇప్పుడు ఏటి అవతలే. అక్కడ ఉద్యోగం, ఇక్కడ సొంతిల్లు.. వినడానికి బాగుంది. కానీ ఈ లెక్కంతా నిలబడేది వంతెన మీదే. 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన మరమ్మతులకు మూతపడితే, 2015లో వచ్చిన నాలుగో వంతెన మీదుగా చుట్టూ తిరగాల్సిందే. టైమ్, పెట్రోల్ రెండూ ఖర్చే.

సెంటు తక్కువకే వస్తోందని తొందరపడొద్దు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా నంబర్ ఉండాలి. అది, ఈసీ, 22ఏ నిషేధిత జాబితా చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఏటి గట్టు పక్కన ప్లాటైతే 1986 వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊరి పెద్దల్ని అడగండి.